ఉల్టా ఇంజను

ఆగస్టులో 20 రోజులు వాన మొహం చాటేసింది. చెనిక్కాయకు ఊడలు దిగే సమయం. పంట కుంటలో ఒక తడికి సరిపడా నీళ్లున్నాయి, అక్కడికి కరెంటు లేదు. కళ్యాణదుర్గం దగ్గర మా పల్లెలో బోర్లు వచ్చినప్పటి నుంచి, అంటే 12 ఏళ్లుగా, కొట్టంలో గోనెపట్ట కప్పుకుని పడుకున్న 5 హెచ్‌పీ ఇంజను అప్పుడు గుర్తొచ్చింది మా చిన్నాయనకు.

"దానికేమప్పా, రాయి లెక్క ఉంది. రెండు తిప్పులు తిప్పితే సాలు."

సైలెన్సర్‌లో కమ్మీ పెట్టి గెలికితే ఉడుత గూడు బయటపడింది. అందులో చిన్నాయన పాత తలగుడ్డ పీలికలు. ఆ తలగుడ్డ పోయిందని అప్పట్లో పిన్నమ్మను ఆయన తిట్టిన తిట్లు నాకింకా గుర్తే. ఆమెకూ గుర్తున్నట్టే ఉంది, పీలికలు జాగ్రత్తగా ఏరుకుని పోయింది.

ట్యాంకులో డీజిల్ బెల్లంపాకమై ఉంది. కడిగి కొత్తది పోశాం, ఆయిల్ మార్చాం. మా మేనల్లుడు, మెకానికల్ బీటెక్, చుట్టూ తిరిగి "స్పార్క్ ప్లగ్గు కనపళ్లేదు మామా" అన్నాడు.

"డీజిల్ ఇంజనుకు ప్లగ్గేందిరా! గాలిని అదిమితే ఆ వేడికే అంటుకుంటుంది. నాలుగేళ్లు ఏం సదివినావు?" అన్నాడు చిన్నాయన.

డీజిల్ పంపు నట్టు వదులు చేసి బుడగలు ఆగేదాకా గాలి తీశాం. డీజిల్ సగం నా చొక్కాకే. "బొటనవేలు చుట్టి పట్టుకోవద్దు, ఎనక్కి తంతే ఇరుగుతుంది" అని చెప్పి చిన్నాయన హ్యాండిల్ మేనల్లుడికిచ్చాడు. తేలిగ్గా తిరిగేలా వాల్వు తెరిచి పట్టే లివర్‌ను వాడు ఊపందుకోకముందే వదిలేశాడు. ఇంజను వెనక్కి తన్నింది. హ్యాండిల్ ఎనుముల కాడికి ఎగిరిపడింది. ఆ వెంటనే... టుక్, టుక్, టుక్!

అందరం చప్పట్లు కొట్టాం. చూస్తే సైలెన్సర్‌లో పొగ లేదు. పొగంతా ఎయిర్ ఫిల్టర్‌లోంచి, దానికి చెవి ఆనించి వింటున్న చిన్నాయన మొహమ్మీదికి! పళ్లు తప్ప ఏమీ కనపడటం లేదు.

"ఉల్టా తిరుగుతాంది రా! ఆపండి, బేరింగులు పోతాయి!"

ఆపే లివర్ జిగురుకు అతుక్కుపోయింది. నేను గోనెపట్ట తెచ్చి ఫిల్టర్‌కు అడ్డం పెడితే దాన్ని ఊది నా మీదికే విసిరింది. అప్పుడు పనికొచ్చింది బీటెక్.

"అటు కాదు మామా, ఇప్పుడది పీల్చేది సైలెన్సర్‌తో!" అంటూ వాడు చిన్నాయన తలగుడ్డ లాగి సైలెన్సర్‌లో కుక్కాడు. ఇంజను నాలుగు దగ్గులు దగ్గి ఆగింది.

సాయంత్రానికి సరైన దిక్కులోనే తిప్పి చేనుకు నీళ్లు పెట్టాం. ఇంటికొచ్చేసరికి పిన్నమ్మ ఆ పాత పీలికలు, మసిబారిన కొత్త తలగుడ్డ పక్కపక్కనే దండెం మీద ఆరేసి ఉంది, వీధిలో పోయేవాళ్లందరికీ కనపడేలా.