టైపింగ్ తగ్గింది, బాధ్యత తగ్గలేదు

ఏఐ వల్ల ఉద్యోగాలు ఉంటాయా, ఊడతాయా? ఏ టీవీ పెట్టినా ఇదే చర్చ. ఉద్యోగం ఉండగానే పని మారిపోయి, చేతికొచ్చే డబ్బు తగ్గిన వాళ్ల గోడు మాత్రం ఎవరికీ పట్టడం లేదు. హైదరాబాద్‌లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేసినవాళ్లకి అది బాగా తెలుసు.

అమెరికాలో డాక్టరు పేషెంట్‌ని చూసి డిక్టేషన్ ఇస్తే, ఇక్కడ హెడ్‌ఫోన్ పెట్టుకుని, కాలితో పెడల్ నొక్కుతూ, ఆపి ఆపి విని టైపు చేసేవాళ్లు. అక్కడ తెల్లారేసరికి రిపోర్టు సిద్ధం. డిగ్రీ చదివి, ఇంటి నుంచే పని చేసుకోవాల్సిన ఆడవాళ్లు ఎందరికో ఇది ఆసరా అయింది. డబ్బులు లైన్ల లెక్కన. లైన్ అంటే మామూలుగా అక్షరాలు, ఖాళీలు కలిపి 65 క్యారెక్టర్లు.

తర్వాత మాట విని టైపు చేసే స్పీచ్ రికగ్నిషన్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. మెషీన్ రాస్తుంది, మనిషి దిద్దాలి. దిద్దడమే కదా అని లైన్ రేటు చాలాచోట్ల సగం దాకా కోసేశారు.

మరి పని సగమైందా? 'ఫిఫ్టీన్' కాస్తా 'ఫిఫ్టీ' అని పడితే మందు డోసు మూడింతలు దాటిపోతుంది. 'నో చెస్ట్ పెయిన్'లో 'నో' ఎగిరిపోతే, లేని గుండెనొప్పి రిపోర్టులోకి ఎక్కుతుంది. మాట సరిగ్గా వినపడకపోతే మనిషి అక్కడ బ్లాంక్ వదిలేవాడు. మెషీన్ చాలాసార్లు అలా వదలదు, ఏదో ఒక మాట పెట్టేస్తుంది. వాక్యం చక్కగా కుదురుతుంది కాబట్టి తప్పు కంటికి ఆనదు. వేళ్లకి శ్రమ తగ్గింది, బుర్రకి టెన్షన్ పెరిగింది. తప్పు దొర్లితే మాట పడేది మాత్రం దిద్దినవాళ్లే.

ఇప్పుడు డిక్టేషన్ కూడా అక్కర్లేదు. ఈ రంగంలో పెద్దదైన న్యూఆన్స్ కంపెనీని మైక్రోసాఫ్ట్ 2022లో సొంతం చేసుకుంది. డాక్టరు, పేషెంట్ మాట్లాడుకుంటుంటే విని నోట్ రాసిపెట్టే ఏఐని అమ్ముతోంది. డాక్టరు చూసుకుని సంతకం పెడితే చాలు.

సాఫ్ట్‌వేర్‌లోనూ కథ అటే పోతోంది. కోడ్ ఏఐ రాస్తోంది, మనవాళ్లు రివ్యూ చేస్తున్నారు. నాకు అన్నిటికంటే దిగులు ఫ్రెషర్ల గురించే. తప్పు పట్టే చెవి ట్రాన్స్‌క్రిప్షన్ వాళ్లకి ఏళ్ల తరబడి టైపు చేస్తేనే వచ్చింది. రాసే పనే దొరకని పిల్లలకి దిద్దడం ఎక్కడ అబ్బుతుంది? తొలి రెండేళ్లు ఏఐ లేకుండా వాళ్లచేతే రాయించే బాధ్యత కంపెనీలే తీసుకోవాలి.

ఇక దిద్దే పనికి లైన్ల లెక్క వదిలేసి, విన్న నిమిషాలకి డబ్బు కట్టాలి. పది నిమిషాల ఆడియోని జాగ్రత్తగా వినాలంటే, మెషీన్ వచ్చాక కూడా, కనీసం పది నిమిషాలు పడుతుంది.