మతిమరుపు మాత్ర వల్లేనా?

"మానసిక జబ్బుల మందులు జ్ఞాపకశక్తిని తినేస్తాయి. ఆపేస్తే నెలలో తిరిగి వస్తుంది. ఆ రోగులకు ఏదీ గుర్తుండదు, వాళ్ల మాట నమ్మకండి." విశాఖలో మా కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మెసేజ్ ఇది. డిప్రెషన్‌కు మందులు వాడుతున్న మా అప్ప (అక్క) ఇది చదివి రెండు రోజులు మాత్ర వేసుకోలేదు. అందుకే ఇంత కోపంగా రాస్తున్నాను.

మందులు తినేశాయా? అప్ప మందు మొదలుపెట్టకముందే ఎంవీపీ కాలనీ రైతుబజారుకు వెళ్లి, ఏం కొనాలో తోచక ఖాళీ సంచితో వచ్చేసేది. పాలు పొంగి స్టవ్ ఆరిపోయినా పక్కనే నిలబడి ఉండేది. మనసంతా ఒకే దిగులు చుట్టూ తిరుగుతుంటే చెవిన పడ్డ మాట లోపలికి దిగదు. దిగనిది తర్వాత ఎలా గుర్తొస్తుంది? లేని మాటలు వినిపించే, లేనిపోని అనుమానాలు పట్టుకునే స్కిజోఫ్రేనియా జబ్బులో అయితే, ఇంకా మందు ముట్టని రోగుల్లోనే ధ్యాస, జ్ఞాపకం తగ్గి కనిపిస్తాయి. ఆ జబ్బుకు 1890ల్లో జర్మన్ వైద్యుడు క్రెపెలిన్ వాడిన పేరు 'డిమెన్షియా ప్రీకాక్స్', అంటే చిన్న వయసులో వచ్చే మతి క్షీణత. దానికి మందులు వచ్చింది 1950ల్లో. అప్పుడు మతిని తిన్నది ఏ మాత్ర?

కొన్ని మందులు మరుపు తెస్తాయన్నది మాత్రం నిజం. నిద్రకు, టెన్షన్‌కు ఇచ్చే అల్ప్రజోలం, క్లోనజెపాం, చేతుల వణుకుకు ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ అలాంటివే. మెదడుకు కొద్దిగా కరెంటు ఇచ్చే చికిత్స (ఈసీటీ) జరిగిన రోజుల సంగతులు కొన్ని చెరిగిపోవచ్చు.

అయినా సొంతంగా ఆపేయడం ప్రమాదం. చాలాకాలం వాడిన అల్ప్రజోలం ఒక్కసారిగా మానితే ఫిట్స్ కూడా రావచ్చు. డిప్రెషన్ తిరగబెడితే మరుపూ దాంతోపాటే వస్తుంది. డాక్టరుకు చెబితే మోతాదు తగ్గిస్తారు, మందు మారుస్తారు, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయిస్తారు. బైపోలార్ జబ్బుకు (ఉత్సాహం, దిగులు మార్చిమార్చి ముంచెత్తే జబ్బు) ఇచ్చే లిథియం వాడేవాళ్లలో థైరాయిడ్ మందగించడం మామూలే, దానివల్లా మరుపు వస్తుంది.

ఇక నమ్మకండి అన్న మాట. ఇది నన్ను ఎక్కువ బాధపెట్టింది. అప్పకు పేర్లు జారిపోతాయి, కానీ ఏ మాత్ర వేసుకుంటే కళ్లు తిరుగుతున్నాయో తనే ముందు చెప్పింది. తనకు ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కు 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ఇచ్చింది. చట్టం నమ్మిన మనిషిని మనం నమ్మలేమా?

ఆ మెసేజ్ చూసి మీ ఇంట్లో ఎవరైనా మందు ఆపి ఉంటే ఈరోజే వాళ్ల డాక్టరుకు చెప్పండి. వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. కదలలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.