అప్‌డేట్ వచ్చిన రోజే వేసుకోవాలా?
ఫోన్‌కో ట్యాబ్‌కో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రాగానే వేసుకోకపోతే తప్పు వాడేవాళ్లదే అని ఒక వ్యాసంలో చదివాను. నేను ఒప్పుకోను. హ్యాకర్లు దూరే లోపాలను మూసే సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆలస్యం చేయకూడదు, నిజమే. వెర్షన్ మొత్తం మారే పెద్ద అప్‌డేట్ సంగతి వేరు. 2024 సెప్టెంబరులో యాపిల్ ట్యాబ్‌లను నడిపే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఐప్యాడ్ ఓఎస్ 18 వేసుకున్నాక, ఎం4 చిప్ ఉన్న కొన్ని ఐప్యాడ్ ప్రోలు అసలు ఆన్ కాలేదు. యాపిల్ ఆ మోడల్‌కు అప్‌డేట్ ఆపేసి, అక్టోబరులో 18.0.1 అనే అప్‌డేట్‌తో సరిచేసింది. అంత ఖరీదైన వస్తువుకే అలా అయితే మాలాంటివాళ్లు కొనే 12 వేల ట్యాబ్ మాటేమిటి? మాది వేరే కంపెనీది. ఇంటర్ చదివే మా పాప రాత్రి అప్‌డేట్ పెట్టి పడుకుంది. తెల్లారి చూస్తే లోగో వస్తోంది, ఆరిపోతోంది, మళ్లీ వస్తోంది. మర్నాడే బోటనీ పరీక్ష. వేలితో గీసుకున్న ఆకుల బొమ్మలు, నోట్సు అన్నీ అందులోనే. ఆ టెన్షన్‌లో పిల్ల అన్నం కూడా ముట్టలేదు. ద్వారకానగర్‌లో సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తితే "వారంటీ అయిపోయిందండీ, బోర్డు మార్చాలి" అన్నారు. పాడుచేసింది కంపెనీ పంపిన అప్‌డేటే అయినప్పుడు ఆ డబ్బు మేమెందుకు కట్టాలి? దీనికి ఇప్పటికీ నాకు జవాబు రాలేదు. ఇప్పుడు నోటిఫికేషన్ వస్తే పాప ముందు నోట్సంతా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, రెండు వారాలు ఆగి చూస్తుంది.