కోతుల మీద పడ్డ నింద

నెట్‌వర్కింగ్ ఉద్యోగాల కోసం సిస్కో కంపెనీ పెట్టే సీసీఎన్ఏ పరీక్షకు ప్రాక్టీసు చేయడానికి పైసా ఖర్చు లేని దారి ఒకటుంది. సిస్కో వాళ్లే ప్యాకెట్ ట్రేసర్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇస్తారు. అందులో కావలసినన్ని రౌటర్లు, స్విచ్చులు పెట్టుకోవచ్చు, వైర్లు కలుపుకోవచ్చు, ఏదైనా చెడగొడితే సేవ్ చేయకుండా మూసేసి పడుకోవచ్చు. కరెంటు బిల్లు పెరగదు, చప్పుడుండదు, ఇంటి ఓనరుతో మాట పడే పని అసలే ఉండదు. ఇదంతా నాకు చెప్పింది మా మేనల్లుడే. చెప్పడం అయిపోయాక, "కానీ మామా, చేతితోటి ముట్టుకుంటే వచ్చే కాన్ఫిడెన్స్ వేరే ఉంటది" అన్నాడు.

బీటెక్ అయిపోయి నల్లగొండలో మా ఇంట్లో ఉండి చదువుకుంటున్న పిల్లవాడు. ముట్టుకోవద్దని ఎట్లా అంటాం? సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయి, ఆఫీసులు వదిలించుకున్న సరుకులోంచి రెండు 1841 రౌటర్లు, 24 పోర్టుల 2960 స్విచ్చు ఒకటి బేరమాడి తెచ్చాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కితే కండక్టర్ బ్యాగును కాలితో కదిపి చూసి "ఏముంది తమ్మీ ఇండ్ల?" అన్నాడట. రౌటర్లన్నా అంటే నమ్మలేదు. "మా ఇంట్ల రౌటర్ అరచేతంత ఉంటది, నువ్వు మోటరు తెస్తున్నవ్" అని లగేజీ టికెట్ కొట్టాడు.

ఇట్లా పాత సరుకుతో ఇంట్లోనే ల్యాబ్ పెట్టుకుంటే అగ్గువ అంటారు గానీ, ఆ మాటలో చిన్న చిన్న ఖర్చులు లెక్కకు రావు. ఈ పెట్టెలతో మాట్లాడాలంటే లేత నీలం రంగులో చదునుగా ఉండే కన్సోల్ కేబుల్ కావాలి. దాని రెండో కొసకు పాతకాలం తొమ్మిది పిన్నుల సీరియల్ మూతి ఉంటుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు అది పట్టే చోటే లేదు కాబట్టి యూఎస్‌బీ కన్వర్టర్ ఒకటి కొనాలి. మొదటిది నకిలీ చిప్పు, విండోస్ గుర్తుపట్టనన్నది. రెండోది గుర్తుపట్టింది కానీ తెర మీద గజిబిజి గుర్తులు తప్ప ఏమీ రాలేదు. స్పీడు 9600 పెట్టాలట, మావాడు 115200 పెట్టాడు. మా అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "ఉర్దూ గూడ కాదు గదరా ఇది" అన్నది.

స్విచ్చుకు పాత ఓనర్ల పాస్‌వర్డ్ ఉంది. ముందు వైపు ఉండే మోడ్ బటన్ నొక్కి పట్టుకుని ప్లగ్గు పెడితే లోపలికి దారి దొరుకుతుంది. దొరికాక మావాడు పాత కాన్ఫిగరేషన్ చెరిపేశాడు గానీ వీల్యాన్‌ల (ఒకే స్విచ్చును డిపార్ట్‌మెంటుకొకటిగా విడదీసే నెట్‌వర్కుల) పేర్లు, వివరాలు ఫ్లాష్ మెమరీలో వేరే ఫైల్‌లో ఉంటాయి, అది మిగిలిపోయింది. దాంతో మా వెనక గదిలో, బియ్యం డ్రమ్ము పక్కన, అకౌంట్స్ డిపార్ట్‌మెంటు, రిసెప్షన్, ఎండీ క్యాబిన్ వెలిశాయి. మా ఆవిడ చాలా సంతోషించింది. ఇక ఫ్యాన్ల చప్పుడు సంగతి. మొదటిసారి మూడూ కలిపి ఆన్ చేసినప్పుడు మా అమ్మ మిక్సీ బంద్ చేయమని వంటింటికి కేకేసింది. వంటింట్లో ఎవరూ లేరు.

అసలు కథ ఒక ఆదివారం జరిగింది. పై పోర్షన్‌లో ఓనరు సారు, కింద మేము. నెట్ కనెక్షన్ ఒకటే, బిల్లు చెరి సగం. పొద్దున పదకొండు గంటలకు పైనుంచి, "ఏమండీ, మీకు వైఫై వస్తుందా?" అని కేక. నాకు వస్తుంది. మా ఆవిడకు రావడం లేదు. వైఫై గుర్తు నిండుగా ఉంది, కింద మాత్రం ఇంటర్నెట్ లేదు అని రాసి ఉంది. పైన సారు ఫోన్‌లో వస్తుంది, టీవీలో రాదు, మేడం ఫోన్‌లో రాదు. ఇట్లా ఇంట్లో సగం మందికి వచ్చి సగం మందికి రాకపోవడం అన్యాయం. అందరికీ పోతే మనిషి ఓర్చుకుంటాడు.

నెట్ పిల్లవాడిని పిలిచారు. అతను వచ్చి డబ్బా చూసి, "లైట్లన్నీ పచ్చగనే ఉన్నయ్ సార్. ఎర్ర లైటు కొడితే మాది ప్రాబ్లం" అని రీస్టార్ట్ చేశాడు. మా ఆవిడకు వచ్చింది, నాకు పోయింది. మళ్లీ చేశాడు. మేడంకు వచ్చింది, సారుకు పోయింది. మా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో నీడ కళ్లముందే కనబడుతుంది, ఏ స్తంభానిదో మాత్రం అంతుపట్టదు. మా నెట్టు సంగతీ అట్లాగే అయింది. ఆ పిల్లవాడు డాబా ఎక్కి దిగి, "కోతులు వైరు గుంజినయ్ సార్" అని తేల్చాడు. ఖర్మకొద్దీ ఆ టైంకు ప్రహరీ గోడ మీద నాలుగు కోతులు ఓనరు సారు చెట్టు జామకాయలే తింటూ కూర్చున్నాయి. సారు కర్ర అందుకున్నాడు.

ఈ గొడవలో మా మేనల్లుడు ఎక్కడా కనబడలేదు. వెనక గది తలుపు కొంచెం తెరిచి, "మామా, ఒక్కసారి ఇటు రా" అన్నాడు. మొహం తెల్లబోయి ఉంది. ఆ పొద్దున డీహెచ్‌సీపీ పాఠం, అంటే నెట్‌వర్క్‌లో చేరిన ప్రతి ఫోనుకూ దానంతటదే ఒక అడ్రసు ఇచ్చే పద్ధతి. తన రౌటర్‌ను అడ్రసులు పంచే సర్వర్‌గా చేశాడు. అంతవరకు బాగుంది. ల్యాబ్‌కు నెట్ ఉంటే బాగుండునని స్విచ్చులోంచి ఒక వైరు తెచ్చి ఇంటి వైఫై డబ్బాలో గుచ్చాడు. ఇక ఏ ఫోనైనా 'నాకొక అడ్రసు ఇయ్యండి' అని అరిస్తే వైఫై డబ్బాకూ, మావాడి రౌటర్‌కూ, ఇద్దరు సర్వర్లకూ వినబడుతుంది. ముందు ఎవరు పలికితే ఫోను సాధారణంగా వాళ్లదే తీసుకుంటుంది. మావాడి రౌటర్ అడ్రసు ఇస్తుంది, 'బయటికి దారి నేనే' అని కూడా చెబుతుంది, కానీ దానికి బయటికి దారి తెలియదు. ఎవరెవరికి అడ్రసులిచ్చిందో చూద్దామని కమాండ్ కొడితే, ల్యాబ్‌లో ఉన్న ఒక్క ల్యాప్‌టాప్‌కు బదులు తెర నిండా లిస్టు వచ్చింది. పై పోర్షన్ టీవీతో సహా సగం బిల్డింగు మా బియ్యం డ్రమ్ము దగ్గర క్యూ కట్టి ఉంది.

"ఇట్లాంటిది ఆపడానికి ఏం లేదా?" అంటే, ఉంది, డీహెచ్‌సీపీ స్నూపింగ్ అంటారు, తను రాసే సీసీఎన్ఏ 200-301 పరీక్ష సిలబస్‌లోనే ఉందన్నాడు. "మరి?" అంటే, "అది సెక్యూరిటీ చాప్టర్ మామా, ఇంక అక్కడి దాంక రాలే."

వైరు పీకేశాడు. పీకినా బాధ తీరలేదు. సిస్కో రౌటర్ మామూలుగా ఇచ్చే అడ్రసు గడువు ఒక రోజు. ఆ తప్పుడు అడ్రసు వదలాలంటే ఒక్కో ఫోన్‌లో వైఫై ఆపి మళ్లీ పెట్టాలి. వాడు మెల్లగా పైకి పోయి, "అంకుల్, నేనొకసారి చూడనా?" అన్నాడు. ఒక్కొక్క ఫోన్ తీసుకుని ఆఫ్ చేసి ఆన్ చేశాడు, టీవీకీ అదే వైద్యం. అన్నీ వచ్చేశాయి. నెట్ పిల్లవాడు ఆశ్చర్యపోయి మావాడి నంబర్ తీసుకున్నాడు. మేడం గిన్నె నిండా సకినాలు పెట్టింది. సారు నా వైపు తిరిగి, "చదువంటే ఇదండీ" అన్నాడు. నేను సకినం నమిలాను.

సాయంత్రానికి సారుకు ఇంకో ఆలోచన వచ్చింది. కోతులు వైరు జోలికి వస్తే ఫోన్‌లో కనబడేటట్టు డాబా మీద సీసీ కెమెరాలు పెట్టించాలట, ఆ పని మావాడికే అప్పజెప్పాడట. వాడు కిందికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"మామా, కెమెరాలకు కరెంటు గూడ నెట్ వైరు నుంచే పోవాలంటే పీఓఈ స్విచ్చు కావాలె. మన మోడల్‌ల పీఓఈ లేదు. ఒకటి తెస్తే ముందుగాల ల్యాబ్‌ల పెట్టి నేర్చుకుంట."

"పైసలు?"

"అత్త సగం ఇచ్చింది."