బిల్లు కట్టని సర్కారుకు స్టార్టప్ పాఠాలు ఎందుకు?

ఉద్యోగం అడగొద్దు, పది మందికి ఉద్యోగం ఇవ్వండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్టార్టప్ సభ ఎక్కడ జరిగినా పెద్దలు ఈ మాట అనకుండా వేదిక దిగరు. 2015లో హైదరాబాద్‌లో స్టార్టప్‌లకు అండగా టీ-హబ్ మొదలైనప్పటి నుంచి, 2016లో కేంద్రం స్టార్టప్ ఇండియా తెచ్చినప్పటి నుంచి వింటున్నదే. మంచి మాటే. కానీ దాన్ని నమ్మి కంపెనీ పెట్టి, ప్రభుత్వ శాఖకే పని చేసిపెట్టిన కుర్రాళ్లు బిల్లు కోసం నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే, ఆ మాట చెప్పే హక్కు ప్రభుత్వాలకు ఎక్కడిది?

లెక్క చూడండి. పది లక్షల సాఫ్ట్‌వేర్ పనికి బిల్లు పెడితే 18 శాతం జీఎస్టీ, అంటే లక్షా 80 వేలు. శాఖ నుంచి రూపాయి రాకపోయినా ఆ పన్ను తర్వాతి నెలలో కట్టేయాల్సిందే, ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ. చేతికి రాని డబ్బు మీద, ఆ డబ్బు ఇవ్వని సర్కారుకే, అప్పు తెచ్చి మరీ పన్ను కట్టాలన్నమాట. ఈలోగా ఒకటో తారీఖు వస్తుంది, జీతాలు, అద్దె, సర్వర్ ఖర్చు. ఫోన్ చేస్తే 'టోకెన్ పడింది, ఫైనాన్స్‌లో ఉంది' అంటారు, అంటే బిల్లు నమోదైంది, డబ్బు మాత్రం రాలేదని. సరుకు నచ్చక కంపెనీ మూతపడితే అది వ్యాపారంలో మామూలే. చేసిన పని రోజూ వాడుకుంటూ, డబ్బులివ్వక మూయించడం ఏం న్యాయం?

చట్టం లేదా అంటే, ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లో చెల్లించాలి, దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ఇలాంటి బాకీల గొడవలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో ఫిర్యాదు చేసుకోవచ్చు కదా అంటారు. చేస్తే ఆ శాఖ గడప మళ్లీ తొక్కనిస్తుందా?

ప్రైవేటు కంపెనీలను దారికి తేవడానికి 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్నులో మెలిక పెట్టారు, గడువులోగా చిన్న సంస్థకు చెల్లించకపోతే, చెల్లించేదాకా ఆ మొత్తాన్ని ఖర్చు కింద చూపుకోనివ్వరు. సరైన పనే. మరి ఆదాయపు పన్నే కట్టని ప్రభుత్వ శాఖకు దీంతో ఏం నొప్పి? 250 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలు, కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలు ట్రెడ్స్‌లో, అంటే చిన్న సంస్థల బిల్లులకు బ్యాంకుల నుంచి ముందే డబ్బు ఇప్పించే ఆన్‌లైన్ వేదికలో, నమోదు కావాల్సిందేనన్నారు, రాష్ట్ర శాఖల ఊసే లేదు. ఊరందరికీ ఒక రూలు, సర్కారుకు ఇంకో రూలు. రేపు ఏ పెద్ద కంపెనీ అయినా 'గవర్నమెంటే ఇవ్వట్లేదు, మేమెందుకివ్వాలి' అంటే ఏం జవాబు చెబుతారు?

ఖజానా ఇబ్బందుల్లో ఉంది, జీతాలు, పింఛన్లు ముందు అని ఆర్థిక శాఖ అంటుంది. కావచ్చు. డబ్బు లేనప్పుడు టెండరు ఎందుకు పిలిచారు?

ఏ శాఖ ఏ చిన్న సంస్థకు ఎంత బాకీ ఉందో, ఎన్నాళ్లుగా ఉందో నెలనెలా బయటపెట్టాలి. చట్టంలో రాసిన వడ్డీని అడిగించుకోకుండా అధికారులే లెక్కగట్టి బిల్లుతో పాటు జమ చేయాలి. అది చేతకాకపోతే కొత్త పనులు అప్పగించొద్దు. అమ్మానాన్నల ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకున్న పిల్లల సొమ్ముతో ఆఫీసులు నడుపుకోవడానికి సిగ్గుండాలి.