‘ఒప్పుకోను, కాదనను’ గారికి

మహారాజశ్రీ ‘ఒప్పుకోను, కాదనను’ గారికి,

మీ అన్నం తింటున్న లాయరు ఒకడు నమస్కరించి రాయునది. మీరు క్షేమమేనని తెలుసు. షేర్ మార్కెట్‌ను కాసే సెబీ నోటీసిచ్చినప్పుడు, తప్పు ఒప్పుకోకుండా, కాదనకుండా, డబ్బు కట్టి కేసు ముగించుకునే రాజీలో రాసే మాటే కదా మీరు! సెబీ సెటిల్‌మెంట్ ఆర్డర్లు వస్తున్నంతకాలం మీకు ఢోకా లేదు.

మొన్న ఆదివారం మా పెదనాన్న మీ గురించి అడిగారు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత ఒక కంపెనీ షేర్లలో పెట్టారాయన. లెక్కల్లో తేడా ఉందని సెబీ నోటీసిచ్చింది, షేరు పడిపోయింది, చివరికి సెటిల్‌మెంట్ అయింది. ఆ ఆర్డరు ప్రింటు తీయించి నా ముందు పెట్టారు.

“ఒరే, ఇంతకీ వాళ్లు తప్పు చేసినట్టా, చేయనట్టా?”

“ఒప్పుకోలేదు పెదనాన్నా.”

“అయితే చేయలేదంటావు.”

“కాదని కూడా అనలేదు.”

“మరి కోట్లు ఎందుకు కట్టార్రా?”

సాయంత్రం కాఫీ దాకా ఇదే నడిచింది. మధ్యలో పెద్దమ్మ వచ్చి “వీడు నిజంగా లా చదివాడా?” అని నన్ను కాక ఆయన్ని అడిగి వెళ్లింది.

మీరేం సామాన్యులా! అమెరికాలో వాళ్ల సెబీ అయిన ఎస్‌ఈసీ 1972లో పెట్టిన నియమం నీడలో పెరిగారు. తప్పు చేయలేదంటూనే రాజీకి వస్తానంటే కుదరదని ఆ నియమం అంది, కాబట్టి ఏమీ అనకుండా రావాల్సి వచ్చింది. 2011లో న్యూయార్క్ జడ్జి రేకాఫ్ గారు, నిజమేంటో తెలియకుండా సంతకం ఎలా పెట్టనని సిటీగ్రూప్ 28.5 కోట్ల డాలర్ల రాజీని తోసిపుచ్చారు. 2014లో అప్పీలు కోర్టు ఆయన ఉత్తర్వునే కొట్టేసింది. జడ్జిగారికే ఆ గతి పడితే మా పెదనాన్న ఎంత?

ఇక్కడికి 2007లో వచ్చారు. ఇప్పుడు మీకో కమిటీ, దానికి రిటైర్డ్ జడ్జి, పైగా ఒక ఫార్ములా. తప్పు జరిగిందో లేదో తేల్చకుండానే దాని ఖరీదు మాత్రం లెక్కగట్టే ఫార్ములా! ఆర్డరు రాగానే కంపెనీ “సమయం, ఖర్చు ఆదా కోసమే” అని ఎక్స్ఛేంజికి ఓ కాగితం పంపుతుంది. నిన్నటిదాకా సెబీలో కూర్చుని నోటీసులు రాసినాయన ఇవాళ ఇటువైపు కూర్చుని జవాబులు రాస్తాడు. మా వృత్తిలో దాన్ని అనుభవం అంటారు, ఫీజు కూడా దాన్నిబట్టే.

అవన్నీ పోనీండి. ఆ డబ్బు ఎక్కడికి పోయిందని పెదనాన్న అడిగినప్పుడు మాత్రం నాకు నోరు పెగల్లేదు. సెటిల్‌మెంట్ సొమ్ము భారత సంచిత నిధికి, అంటే ప్రభుత్వ ఖజానాకు, పోతుందని చట్టంలోనే ఉంది. అక్రమ లాభం కక్కిస్తే, అది మదుపరుల రక్షణ, అవగాహన నిధికి. “నష్టం నాకైతే అవగాహన కూడా నాకేనా?” అన్నారు. పోనీ కేసు వేద్దామంటే చేతిలో ఉన్నది మీరున్న కాగితం. కంపెనీ చట్టం 245వ సెక్షన్ కింద తగినంతమంది వాటాదారులు కలిసి కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. వెళ్తే, “ఈ ఆర్డర్లో ఏ తప్పూ తేలలేదు” అని ఎదుటి లాయరు లేచి నిలబడతాడు. కంపెనీ తరఫున పిలిస్తే ఆ లేచేది నేనే. మా పెదనాన్న కేసులో కాదులెండి, ఇంట్లోకి రానివ్వరు.

మిమ్మల్ని పూర్తిగా తిట్టలేను. ఒప్పుకుంటే ఏమవుతుందో హైదరాబాదులో చూశాం. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు లెక్కలు తప్పని తానే ఉత్తరం రాస్తే, సీబీఐ కోర్టు తీర్పు 2015 ఏప్రిల్లో వచ్చింది. ఏడేళ్ల శిక్ష. మరుసటి నెలలోనే సెషన్స్ కోర్టు ఆ శిక్షను నిలిపి బెయిలిచ్చింది. ఉత్తరం ఉన్న కేసుకే ఇంత పట్టింది. ప్రతి నోటీసునూ చివరిదాకా విచారిస్తే తీర్పు వినడానికి పెదనాన్న మనవలు రావాలి. మీరుండబట్టి కొన్ని కేసులైనా ముగుస్తున్నాయి.

కానీ ఒకటి అడుగుతాను, ఈసారి ‘గారు’ లేకుండా. ఏం జరిగిందో నాలుగు లైన్లు రాయనివ్వడానికి నీకేం రోగం? ఏ ఏడాది, ఏ లెక్క, ఎంత పెంచి చూపారు, ఎవరు సంతకం పెట్టారు. నేరమని అనొద్దు, జైలూ వద్దు. జరిగింది జరిగిందని రాయనివ్వు చాలు. అది తెలుసుకునే హక్కు షేరు కొన్నవాడికి లేకపోతే ఇంకెవడికుంది?

రేపు పదకొండింటికి కొత్త క్లయింటు వస్తున్నాడు. సెబీ నోటీసు మీద రాజీ దరఖాస్తు పెట్టుకునే 60 రోజుల గడువు దగ్గరపడింది. దరఖాస్తు రెండో పేరాలో నీ చోటు ఖాళీగా ఉంచాను. తగలడు.

ఇట్లు,
నీ పుణ్యాన ఇంటి అద్దె కడుతున్న లాయరు