బెడ్లు పెంచితే సరిపోదు, ఖాళీగా కూడా ఉంచాలి

ఉత్తరాంధ్ర ప్రభుత్వాసుపత్రుల్లో బెడ్లు పెంచాలని ఒక వ్యాసంలో చదివాను. నిజమే, పెంచాలి. కానీ పెంచినవన్నీ ఎప్పుడూ నిండిపోయి ఉంటే ఏం లాభం? విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి శ్రీకాకుళం నుంచి, పాడేరు ఏజెన్సీ నుంచి, ఒడిశా నుంచి కూడా జనం వస్తారు. 2020 మే 7న విశాఖ ఆర్‌ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైనప్పుడు ఒక్క పూటలో వందల మందిని ఆసుపత్రులకు తీసుకెళ్లాల్సి వచ్చింది. అలాంటి రోజు చెప్పి రాదు. అందుకే నూటికి 85 నిండితే నిండినట్టే లెక్క వేసుకోవాలంటారు. ఖాళీ బెడ్డు దండగ ఖర్చు కాదండీ.

ఇక డిశ్చార్జి సంగతి. ఏ పెద్దాసుపత్రిలో చూసినా పొద్దున రౌండ్స్‌లో డాక్టరుగారు ఇంటికెళ్లొచ్చు అంటారు. సమ్మరీ రాసి, మందులిచ్చి, ఎన్టీఆర్ వైద్య సేవ (మునుపటి ఆరోగ్యశ్రీ) కాగితాలు పూర్తయ్యేసరికి సాయంత్రమవుతుంది. అప్పటికి ఏజెన్సీ ఊళ్లకు బస్సు దొరకదు. రోగి ఆ రాత్రీ అదే బెడ్డు మీద, కింద క్యాజువాల్టీలో ఇంకొకరు స్ట్రెచర్ మీద! మధ్యాహ్నంలోపే డిశ్చార్జి పూర్తి చేస్తే కొత్త మంచం కొనకుండానే చోటు దొరుకుతుంది.

మంచం కొనడం తేలికే. దాని తలాపున ఆక్సిజన్ లైను, రాత్రి డ్యూటీకి నర్సు ఉన్నారా అన్నది వానాకాలం జ్వరాలు మొదలవకముందే చూసుకోవాలి.